గెడ్డ పోరంబోకు

2008 డిసెంబరు. గజపతినగరంలో మెంటాడ రోడ్డు మొదట్లో నా దుకాణం. ముందు గదిలో జెరాక్సు, డీటీపీ. వెనక గదిలో కంప్యూటర్ల రిపేర్లు. మధ్యాహ్నం పోయిన కరెంటు అప్పుడే వచ్చింది. గుమ్మం ముందు ఆటో ఆగింది. అందులోంచి ఒక రైతు, ఆయన కూతురు దిగారు. సీపీయూ డబ్బాని ఆయన దుప్పట్లో చుట్టి, చంటిపిల్లని దించినట్టు రెండు చేతులతో దించాడు. మానిటరు ఆ అమ్మాయి పట్టుకుంది.

"మా గుంట సదువుకి కొన్నాను బాబూ. మొన్నటిదాకా బాగానే నడిసింది. అందులో ఇంకోటేదో ఏయించినాం. ఆ రోజు కాడ్నుంచి ఎడ్లబండికన్నా నెమ్మదైపోనాది."

ఆ అమ్మాయి విజయనగరంలో ఇంజనీరింగు రెండో ఏడు. వేయించినది మెమరీ. రెండు జీబీ ఉన్నదానికి విశాఖపట్నంలో ఇంకో రెండు జీబీ కొని జత చేసుకుంది. కాలేజీలో సీనియర్ ఇచ్చిన ఉబుంటు 8.04 సీడీ, 64 బిట్లది, తనే ఎక్కించుకుంది. మెమరీ పెరిగాక లేవడానికి పావుగంట పడుతోంది. మౌసు కదిపితే బాణం గుర్తు కాసేపాగి కదులుతోంది.

"ఇదే మెషీన్లో విండోస్ ఎక్స్‌పీ కూడా ఉందన్నయ్యా. అది బాగానే పరిగెడుతోంది. అందుకని మెమరీ అమ్మిన షాపువాళ్ళు తప్పు లినక్సుదేనంటున్నారు" అంది.

డబ్బా బల్ల మీద పెట్టాక రైతు చొక్కా జేబులోంచి నాలుగు మడతల నోటుబుక్కు కాగితం తీశాడు.

"ఇది కూడా టైపు సెయ్యాల బాబూ. ఆఫీసులో ఇవ్వాల."

అర్జీ. ఊళ్ళో ఎవరిచేతో రాయించాడు కాబోలు, దస్తూరీ గుండ్రంగా ఉంది. చంపావతిలో కలిసే ఒక గెడ్డ పక్కన తాతల నాటి నుంచి సాగులో ఉన్న 70 సెంట్ల నేల రికార్డులో గెడ్డ పోరంబోకుగా రాసి ఉందనీ, గెడ్డ ఏనాడో దారి మార్చుకుని అవతలికి పోయిందనీ, విచారించి సరిచేయవలసిందనీ ప్రార్థన. మా వైపు ఇలాంటివి కొత్త కాదు. జమీందారీ ఊళ్ళు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక సెటిల్‌మెంటు అయ్యాయి. అప్పుడు గొలుసు లాగినవాళ్ళు గెడ్డ ఎక్కడ కనిపిస్తే అక్కడ గీత గీశారు. గెడ్డ కదులుతుంది, గీత కదలదు. 1984లో కరణాలు పోయారు గానీ వాళ్ళు రాసిన రాతలు ఉండిపోయాయి.

"ముందు దీని సంగతి చూసి, తర్వాత టైపు చేస్తాను. కూర్చోండి" అన్నాను. ఆయన కాగితం మడిచి చేతిలోనే పట్టుకుని, గోడవార బల్ల మీద కూర్చున్నాడు.

మెమరీ చెడిపోతే యంత్రం ఆగిపోవాలి, లేదా తప్పులు రావాలి. మెల్లగా నడవడం మెమరీ చెడిన లక్షణం కాదు. అయినా మొదట పాత ముక్క తీసేసి కొత్తది ఒక్కటే పెట్టాను. చకచకా లేచింది. కొత్తది తీసి పాతది పెట్టాను. చకచకా లేచింది. రెండూ పెడితే మళ్ళీ నత్తనడక. విడివిడిగా రెండూ మంచివే, కలిస్తేనే చిక్కు.

సీడీలో మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్ ఉంటుంది. దాన్ని నడిపి, ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని తెర చూస్తూ ఉన్నాను. ఏ ఎత్తు నుంచి ఏ ఎత్తు వరకు పరీక్షిస్తోందో అది అంకెల్లో చూపిస్తూ ఉంటుంది. 4096 మెగాబైట్ల గీత దాకా దూసుకుపోయింది. గీత దాటగానే కాళ్ళకు బంధం వేసినట్టయింది. 4096 నుంచి 4608 వరకు, అంటే అర జీబీ దాటడానికి, అంతకు ముందు మొత్తం దాటినదానికన్నా ఎక్కువసేపు తీసుకుంది. తప్పు మాత్రం ఒక్కటీ చూపించలేదు.

"ఉన్నదే 4096 కదన్నయ్యా. 4608 ఎక్కడిది?" అంది.

మంచి ప్రశ్న. వెతుకుతున్న జవాబు అందులోనే ఉంది.

మెమరీ ఒక్కటే ఆ ఎత్తుల్లో ఉండదు. గ్రాఫిక్సుకీ, నెట్‌వర్కుకీ, మిగతా పరికరాలన్నిటికీ చిరునామాలు కావాలి. ఆ చిరునామాలు ఆనవాయితీగా 4 జీబీ గీతకి కిందనే ఇస్తారు. మెమరీ తక్కువగా ఉన్నన్నాళ్ళూ ఆ పై భాగం ఖాళీయే కాబట్టి పేచీ రాలేదు. పూర్తిగా 4 జీబీ వేసేసరికి పరికరాల జాగాలో పడిన అర జీబీ మెమరీకి చోటు పోయింది. బోర్డు దాన్ని లేపి 4 జీబీ గీతకి పైన కూర్చోబెట్టింది. చెరువు కోసం లేపిన ఇళ్ళకి ఊరి బయట స్థలాలు ఇచ్చినట్టు. ఎక్స్‌పీ 32 బిట్లది కాబట్టి ఆ గీత దాటి చూడదు, ఉన్నదాంతో సరిపెట్టుకుని హాయిగా నడుస్తుంది. 64 బిట్ల లినక్సు గీత దాటుతుంది. దాటడమే కాదు, పని మొదలుపెట్టేటప్పుడు ముందుగా ఆ పై అర జీబీనే వాడుకుంటుంది, ఎందుకంటే కింది జాగా పాత పరికరాలకి అవసరపడుతుందని దాచి ఉంచుతుంది. అంటే ఈ మెషీన్లో లినక్సు కాపురం పెట్టింది సరిగ్గా ఆ పాడు అర జీబీలోనే.

అది పాడెందుకయింది? ఆ సంగతి లినక్సులో ఒక చిన్న ఫైలు తెరిస్తే కనిపిస్తుంది. ప్రాసెసర్ పక్కనే క్యాష్ అని వేగంగా పనిచేసే కొంచెం మెమరీ ఉంటుంది. గాదెలో ఉన్న బియ్యం వంటింటి డబ్బాలో పోసుకుంటాం కదా, అలాంటిది. ఏ ఎత్తులో ఉన్న మెమరీని డబ్బాలో పోసుకోవచ్చో, ఏది పోసుకోకూడదో ప్రాసెసర్‌కి చెప్పే రిజిస్టర్లు ఉన్నాయి, వాటిని ఎంటీఆర్‌ఆర్‌లంటారు. ఆ పద్ధతి పెంటియం ప్రో రోజుల నుంచి ఉంది. మామూలుగా అవి ఎనిమిది. ఒక్కొక్కటీ రెట్టింపు కొలతల్లోనే పరచాలి. సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం: ఒకదానికొకటి రెట్టింపు. ఎనిమిది పాత్రలే ఇచ్చి, ఎంత ధాన్యమైనా వాటితోనే కొలవమంటే కొలిచేవాడికి లెక్క బాగా రావాలి. ఈ బోర్డు బయాస్ రాసినవాడు 4 జీబీ దాకా కొలిచాడు. పైకి తరలించిన అర జీబీని కొలవడం మరిచిపోయాడు. దాంతో అక్కడున్న ప్రతి గింజకీ ప్రాసెసర్ గాదె దాకా నడిచి వెళ్ళి రావలసి వస్తోంది.

రైతు ఇటే చూస్తున్నాడు. గాదె, కుంచం అనే మాటలు విన్నాక ఆయన కొంచెం ముందుకు జరిగి కూర్చున్నాడు. ఆ సంగతి అప్పుడు గమనించాను. గమనించినందుకు సంతోషపడ్డాను కూడా. కంప్యూటరు గురించి ఒక రైతుకి అర్థమయ్యేలా చెప్పగలిగితే అంతకన్నా ఏం కావాలి? ఆ ఉత్సాహంలో ఇంకా వివరంగా చెప్పడం మొదలుపెట్టాను.

"చూడమ్మా, కరెంటు ఇవ్వగానే మొదట లేచేది లినక్సో విండోసో కాదు. బోర్డు మీద చిన్న చిప్పులో ఉండే బయాస్. దాన్నే ఫర్మ్‌వేర్ అంటారు. అది ఈ ఊరి కరణం అనుకో. లినక్సు అప్పుడే ఊళ్ళోకి దిగిన మనిషి. దానికి ఊరు తెలీదు, పొలిమేర తెలీదు. 'నేల ఎంతుంది, ఏది సాగుకిస్తారు, ఏది ముట్టుకోకూడదు' అని కరణాన్నే అడుగుతుంది. కరణం ఒక పట్టిక తీసి చేతిలో పెడతాడు. ఆ పట్టికని ఈ820 అంటారు. అడంగల్ లాంటిది. ఫలానా ఎత్తు నుంచి ఫలానా ఎత్తు దాకా వాడుకోవచ్చు. ఇది రిజర్వు, ముట్టుకోకు. ఇది బయాస్ సొంత కాగితాలున్న చోటు, చదివేశాక వాడుకో. అంతే. దాన్ని నమ్మి లినక్సు మడులు కట్టుకుంటుంది."

"ఆ పట్టిక తప్పయితే?"

"చాలా వాటిలో తప్పే. ఇందులో పట్టిక సాగుభూమి అంది, నీటి లెక్క రాసినవాడు మాత్రం చివరి మడి మరిచాడు. కొన్నింట్లో అసలు పట్టికే తప్పు. మంచి మెమరీని రిజర్వు అని రాసేస్తుంది. కొన్నింట్లో దీనికి తిరగేసి జరుగుతుంది: ఖాళీ అని రాసిచ్చి, తర్వాత బయాసే దొంగచాటుగా వచ్చి అందులో గీకిపోతుంది. మెషీను పడుకుని లేచినప్పుడల్లా మొదటి 64 కిలోబైట్లలో ఇలా గీతలు పడుతున్నాయని ఈ ఏడే పట్టుకున్నారు. ఇప్పుడు లినక్సు కెర్నల్ నిమిషానికొకసారి ఆ చోటు చూసి, ఎవరైనా చెరిపారా అని సరిచూసుకునే ఏర్పాటు పెట్టారు."

ఆ కథ తర్వాత చాలా దూరం పోయింది. ఆ 64 కిలోబైట్లనీ ముట్టుకోకుండా వదిలెయ్యడం అలవాటు చేశారు, పక్కచేను పశువులు మేసే గట్టున రెండు సాళ్ళు వదిలేసినట్టు. 2021లో ఇక విసిగిపోయి మొదటి ఒక మెగాబైటు మొత్తాన్నీ వదిలేశారు.

"మరి దీన్ని ఎలా దిద్దుతారు?" అంది అమ్మాయి.

"దిద్దాలంటే రాసినవాడే దిద్దాలి. వాడెక్కడో దేశం అవతల ఉంటాడు. కొత్త బయాస్ ఇస్తే ఎక్కించుకోవచ్చు. చూశాను, ఈ బోర్డుకి ఇవ్వలేదు. ఉత్తరం రాస్తే ఎక్స్‌పీ నడుస్తోందా, నడిస్తే చాలు అంటారు."

"అయితే?"

ఇక్కడే ఆ మాట అన్నాను. ఇన్నేళ్ళలో దాన్ని ఎన్నిసార్లు మనసులో తిప్పి చూసుకున్నానో లెక్క లేదు, అందుకని ఒక్క అక్షరం మారకుండా రాస్తున్నాను. కాసేపటి కిందట చదివిన అర్జీలోని మాటే నోటికి వచ్చింది.

"రికార్డులో గెడ్డ పోరంబోకు అని రాసేసి ఉందనుకో. నేల నీదే, సాగు నీదే. రాసినవాడి చుట్టూ తిరిగితే చెప్పులరుగుతాయి గానీ రాత మారదు. ఆ రాతని అలాగే వదిలెయ్, పక్కనుంచి దాటిపో. దున్నుకునేవాడికి రికార్డుతో పనేముంది?"

ఆ అమ్మాయి తలూపలేదు. కొంచెం ఆలోచించి, "ఎప్పుడైనా ఎవరైనా ఆ రికార్డే తీసి చదివితే అన్నయ్యా?" అంది.

"ఎవరు చదువుతారమ్మా!" అన్నాను.

తర్వాత పని రెండు నిమిషాలది. గ్రబ్ ఫైలు తెరిచి, కెర్నల్ వరస చివర 'మెమ్=4జి' అని చేర్చాను. 4 జీబీ గీత దాటి పైకి పోవద్దని దానర్థం. పైనున్న అర జీబీ పోతుంది. మిగిలిన మూడున్నర గుర్రంలా పరిగెడుతుంది. తిరిగి లేపితే నిమిషం లోపల తెర వచ్చేసింది. ఆ అమ్మాయి మొహం విప్పారింది. రైతు లేచి వచ్చి, మౌసు మీద చెయ్యి వేసి, బాణం గుర్తు కదలడం చూసి, చెయ్యి తీసేశాడు.

నిజానికి ఆ పాటికే లినక్సు రాసే పైవాళ్ళు ఈ తప్పుని చూసేశారు. ఇంటెల్‌లో పనిచేసే జెస్సీ బార్న్స్ అనే ఆయన, ఎంటీఆర్‌ఆర్‌లు కప్పని మెమరీని కెర్నలే గుర్తుపట్టి కత్తిరించేసేలా రాశాడు. 2008 ఏప్రిల్‌లో వచ్చిన 2.6.25 కెర్నల్‌లో అది చేరింది. బయాస్‌లో తప్పుంది, ఇన్ని మెగాబైట్లు పోతున్నాయి అని తెర మీద హెచ్చరిక కూడా వేస్తుంది. ఆ అమ్మాయి సీడీలో ఉన్నది 2.6.24. ఒక్క మెట్టు వెనక. ఆ హెచ్చరిక సంగతి నాకు తర్వాత తెలిసింది. ముఖ్యం కత్తిరించడం కాదు, ఆ హెచ్చరిక. తప్పుని దాటుతూనే, దాటుతున్నానని చెప్పడం. నేను నా దుకాణంలో దాటాను గానీ ఎవరికీ చెప్పలేదు.

"ఎంతయినాది బాబూ?"

నూట యాభై అన్నాను. ఇచ్చాడు. డబ్బాని మళ్ళీ దుప్పట్లో చుట్టడం మొదలుపెట్టాడు.

"మరి అర్జీ? పది నిమిషాలు కూర్చుంటే కొట్టిచ్చేస్తాను."

"పొద్దుపోనాది బాబూ. మల్లీ వస్తాన్లే."

చలికాలం, నిజంగానే చీకటి పడుతోంది. ఆటో వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్న ఊడుస్తుంటే బల్ల మీద పేపరు కింద ఆ కాగితం దొరికింది. మళ్ళీ వస్తానన్నాడు కదా అని సొరుగులో పెట్టాను.

ఆయన రాలేదు. అమ్మాయి వచ్చింది, 2011లో, స్వీట్ల పెట్టెతో. బెంగళూరులో ఉద్యోగం. చెయ్యబోయే పని ఏమిటంటే కెర్నల్‌కీ ఫర్మ్‌వేర్‌కీ మధ్య వచ్చే గొడవలు చూడటమే. "ఆ రోజు మీ షాపులో కూర్చున్నాకే ఇటు మనసు పోయింది అన్నయ్యా" అంది. ఆ రాత్రి అన్నం సయించలేదు, సంతోషంతో. ఫోను నంబరు ఇచ్చి వెళ్ళింది. పండగలకి ఒక మెసేజు పెట్టేది. ఆ కాగితం సంగతి ఆ రోజు నాకు గుర్తు రాలేదు.

మా ఊరి మీదుగా రాయపూర్ పోయే రోడ్డు అంతకు ముందు 43, తర్వాత 26 అయింది. ఫ్లాపీలు పోయాయి, సీడీలు పోయాయి. డీటీపీలో పెళ్ళిపత్రికలు తగ్గి, ఆన్‌లైన్ దరఖాస్తులు పెరిగాయి. 2022లో జిల్లా చీలి పార్వతీపురం వేరయింది. సొరుగు మాత్రం అదే.

ఆ ఏడు మే నెలలో ఒక టీచరు కొత్త లాప్‌టాప్ తెచ్చారు. బడిపిల్లలకి చూపించడానికి లినక్సు వేయించుకున్నారు. అన్నీ పనిచేస్తున్నాయి, టచ్‌ప్యాడ్ తప్ప. వేలు పెట్టి రుద్దితే చలనం లేదు. విండోస్‌లో బాగానే ఉంది. ఆ ముక్క వినగానే నాకు 2008 గుర్తొచ్చింది. లాగ్ తీసి చూస్తే టచ్‌ప్యాడ్‌ని కలిపే పరికరం దగ్గర ఒకటే మాట: చోటు లేదు. పదహారు జీబీల మెషీన్లో, చిరునామాలకి కొదవే లేని 64 బిట్ల మెషీన్లో, చోటు లేకపోవడమేమిటి? రెండు రోజులు కుస్తీ పట్టి, చివరికి బెంగళూరుకి ఫోను చేశాను.

"కెర్నల్ వరసలో 'పీసీఐ=నోసీఆర్‌ఎస్' అని చేర్చి చూడండి అన్నయ్యా" అంది.

చేర్చాను. టచ్‌ప్యాడ్ లేచింది.

"అమ్మయ్య, దాటేశాం" అన్నాను.

"దాటితే సరిపోదన్నయ్యా. లాగ్ మొత్తం, మోడల్ పేరు నాకు పంపండి. పైకి రాయాలి."

"ఎందుకమ్మా శ్రమ? పనిచేస్తోంది కదా."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత తనే చెప్పడం మొదలుపెట్టింది, పాఠం చెప్పినట్టు, మెల్లగా.

"ఇది ఎందుకొచ్చిందో చెప్పనా? పరికరాలకి ఇవ్వగలిగిన జాగా ఎంతో బయాస్ రెండు చోట్ల చెబుతుంది. ఒకటి మీరు చెప్పిన ఈ820. రెండోది ఏసీపీఐలో సీఆర్‌ఎస్ అనే పట్టిక. 2010లో కొన్ని మెషీన్లలో సీఆర్‌ఎస్ ఈ జాగా అంతా ఇచ్చుకోవచ్చంది, ఈ820 అందులో కొంత రిజర్వు అంది. అప్పుడు ఈ820 మాటే నిజం. సీఆర్‌ఎస్‌ని నమ్మితే మెషీన్లు ఆగిపోయాయి. అందుకని ఈ820 రిజర్వు అన్నంత మేరా తీసేసి, మిగిలినదే పంచమని కెర్నల్‌లో రాశారు. ఆ రోజుకి అది సరైన దాటవేతే."

"మరి?"

"దాన్ని పదేళ్ళు ఎవరూ కదపలేదు. ఇప్పుడు కొత్త లాప్‌టాప్‌ల బయాస్‌లు ఆ జాగా మొత్తాన్నీ ఈ820లో రిజర్వని రాస్తున్నాయి. తీసేస్తే మిగిలేది సున్నా. బయాస్ ముందే చోటిచ్చిన పరికరాలు బతికిపోయాయి. లినక్సే చోటివ్వాల్సిన టచ్‌ప్యాడ్‌కి లేదు. విండోస్ ఆ లెక్క అలా వెయ్యదు, అందుకని రాసినవాళ్ళకి తప్పే కనిపించలేదు. ఒకప్పుడు తప్పు రాతని దాటడానికి వేసిన దారి, ఇంకో తప్పు రాత వచ్చేసరికి గోడయిపోయింది. ఎవరో ఒకరు ఆ రికార్డే తీసి చదువుతారన్నయ్యా. ఎప్పుడో ఒకప్పుడు చదువుతారు."

2008లో తను అడిగిన ప్రశ్న అది. తను మరిచిపోలేదని అప్పుడు అర్థమైంది. లాగ్ పంపుతానన్నాను, ఆ సాయంత్రమే పంపాను. జూలై 31న వచ్చిన 5.19 కెర్నల్‌లో ఆ ముడి విప్పారు: ఇబ్బంది పడుతున్న మోడళ్ళకి ఒక జాబితా పెట్టి, 2023 నుంచి వచ్చే బయాస్‌లకి ఈ820 ప్రకారం కత్తిరించడమే మానేశారు. ఇప్పుడు అలాంటి లాప్‌టాప్ తెచ్చినవాళ్ళు ఏ వరసలోనూ ఏమీ చేర్చనక్కర్లేదు. టీచర్లకీ, పిల్లలకీ, నాలాంటివాళ్ళకీ తెలియకుండానే పని జరిగిపోతుంది. ఒక్కసారి మూలంలో దిద్దితే ఎంతమందికి తడుముకునే బాధ తప్పుతుందో, ఈ వృత్తిలో ఉన్నవాడిగా నాకు తెలుసు.

ఫోను పెట్టేసే ముందు మర్యాదకి అడిగాను. "అయ్య బాగున్నారా అమ్మా? పొలం చేసుకుంటున్నారా?"

"తమ్ముడి దగ్గర ఉంటున్నాడన్నయ్యా, విశాఖలో. పొలం లేదు. రెండేళ్ళ కిందట రోడ్డుకి పోయింది."

"పోతే పోయింది, డబ్బయినా చేతికొచ్చుంటుంది."

"చెట్లకి ఇచ్చారు. ఏడు జీడిచెట్లు, రెండు తాడిచెట్లు. నేలకి లేదు. రికార్డులో గెడ్డ పోరంబోకు కదా. ఇన్నేళ్ళలో ఎప్పుడైనా సరిచెయ్యమని అర్జీ పెట్టుకున్నావా అని అడిగారు. లేదన్నాడు."

ఆ మాట చెవిన పడ్డాక గానీ నా చెయ్యి సొరుగు మీదికి వెళ్ళలేదు. లాగాను. పాత సీడీల కింద ఉంది, నాలుగు మడతలు, అంచులు పచ్చబడ్డాయి.

"అర్జీ రాయించుకున్నారు కదమ్మా" అన్నాను. గొంతు పెగల్లేదు. "టైపుకి నా దగ్గరికే తెచ్చారు. మళ్ళీ వస్తానన్నారు. ఎందుకు రాలేదు?"

"ఆ రోజు ఆటో ఎక్కాక నేనూ అడిగానన్నయ్యా, అర్జీ ఏది అయ్యా అని."

"ఏమన్నారు?"

"'ఇంకెందుకే? దున్నుకునేవోడికి రికార్డుతో పనేటని ఆ బాబు సెప్పీసినాడు కదా' అన్నాడు."